వెన్నెల్లో కొట్టిన బొంగు

ఎనభైల్లో జూలూరుపాడు అడవి అంచున నాకూ మా బావకూ బండ్లు బాగుచేసే షెడ్డు ఒకటి ఉండేది. బావంటే మా అక్క పెనిమిటి. పొగాకు పండించే రైతు ఒకాయన, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డాయన, తన తండ్రి నడిపిన పాత వ్యాన్‌ను లాగించుకొచ్చిండు. ఏళ్లకేళ్లు ఎండకు వానకు పడున్న బండి.

"మా నాన్న నడిపినప్పుడు ఎట్టా ఉందో అట్టాగే కావాలి" అన్నడు.

ఇంజిన్ దించాలె. ముందు గేర్‌బాక్స్ విప్పి, తర్వాత ఇంజిన్ లేపుడు పద్ధతి. బావ అదే చెప్పిండు. నేను వినలే. రెండూ కలిపి ముందు నుంచి లాగితే జల్దీ అయితదన్న.

మాకు క్రేన్ లేదు. వెదురు బొంగులు మూడేసి కలిపి ఒక్కో కాలు కట్టి, మూడు కాళ్లు నిలబెట్టి, పైన చైన్ కప్పీ వేసినం. టేకు కొడితే ఫారెస్టోళ్లు కేసు పెడతరని బొంగులతోనే సరిపెట్టుకున్న. వాటిని రెండు నెలల కింద నేనే కొట్టుకొచ్చిన.

బరువు పట్టనీకి పక్క గూడెం నుంచి ఒక కోయాయన వచ్చిండు. నేను గొలుసు లాగుతుంటే ఇంజిన్ జానెడు లేచి ఆగింది. గేర్‌బాక్స్ తోక దగ్గర ఒక బోల్టు విప్పుడు మర్చిపోయిన. అప్పటికి నాకు అక్షరం రాదు, ఏది విప్పినమో రాసుకునే అలవాటే లేదు. బావ పానా పట్టుకొని బండి కిందికి దూరిండు.

కోయాయన ముందు కాలును వేలితో కొట్టి చూసిండు. సందుల్లోంచి తెల్లటి పొడి రాలింది.

"ఎప్పుడు కొట్టినవన్నా ఇది?"

"పున్నమికి ముందు."

"వెన్నెల్లో కొడితే పురుగు పడతది. మేం చీకటి పక్షంలనే కొడతం. ఆయన్ని బయటికి రమ్మను."

"నీ పున్నమి నా ఇంజిన్‌ను ఏం చేస్తది?" అన్న.

బండి కింద నుంచి బావ అడిగిండు. "ఏందిరా, ఏమంటుండు?"

"ఏం లేదు బావా. నువ్వు కానియ్."

పెద్ద చప్పుడేం రాలే. ఎండు రొట్టె నలిగినట్టు బొంగు నలిగింది. ముందు కాలు కూలింది. ఇంజిన్ ఒరిగి, గేర్‌బాక్స్ పోయి బావ కుడి పాదం మీద పడ్డది.

బావ అరవలే. "జాకీ తే" అన్నడు. తెచ్చి ఇంజిన్ కింద పెట్టబోయిన.

"ఆయిల్ చాంబర్ కింద కాదురా, అది రేకు, వంగుతది. గేర్‌బాక్స్ కింద పెట్టు."

ఆయన చెప్పిన చోటనే పెట్టి లేపిన. కోయాయన చంకల కింద చేతులేసి బావను ఈవలికి గుంజిండు. చెప్పు లోపలనే ఉండిపోయింది.

కొత్తగూడెం దవాఖానల సగం పాదం తీసేసిన్రు. అక్క వచ్చి మంచం పక్కన నిలబడి నా దిక్కు చూసి, "ఎట్లయిందిరా?" అని అడిగింది.

నేను నోరు తెరవకముందే బావ అన్నడు, "గొలుసు జారింది."

నేను అవ్ అన్న.