చూసి చెప్పే బళ్ళు

డాక్టర్ అంకుల్ మంగళవారం ఉదయం పోయారు. ఆసుపత్రి నుంచి ఆంటీ ఫోన్ చేసి, "అమ్మా, అంకుల్ వెళ్ళిపోయారు" అన్నారు. ఈ పరాయి దేశంలో మేముండే క్వేకర్స్ హిల్‌లో మా వీధి చివరి ఇల్లు వాళ్ళది. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంటి గరాజ్‌లో కారు ఉండేది కాదు, జర్మన్ సైన్యం ఉండేది.

రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ రెక్కీ దళం మొత్తాన్ని చిన్న చిన్న బొమ్మలుగా చేసి, టేబుల్ టెన్నిస్ బల్ల మీద వరసగా నిలబెట్టారాయన. ముందు సైడ్‌కార్ల మోటార్‌సైకిళ్ళు. వాటి వెనక నాలుగు చక్రాల తేలిక కవచ కార్లు. ఆ తర్వాత ఎనిమిది చక్రాలవి, నెత్తిన మంచం చట్రంలాంటి రేడియో ఏరియల్‌తో. ముందు చక్రాలూ వెనక గొలుసు పట్టాలూ ఉన్న హాఫ్ ట్రాకులు చిట్టచివర. మోటార్‌సైకిళ్ళు బురదలో కూరుకుపోతుంటే యుద్ధం మధ్యలో వాటి బదులు ఇవి వచ్చాయట. "హిట్లర్ బళ్ళు మనింట్లో ఎందుకండీ" అని ఆంటీ సణిగేవారు. నాకూ యుద్ధాలంటే పడదు. అయినా అంకుల్ కాఫీ కలిపి ఇస్తే ఎంతసేపైనా వినేదాన్ని.

"వీళ్ళ మెయిన్ పని కొట్లాట కాదమ్మా. ముందుకెళ్ళి చూడాలి, రేడియోలో చెప్పాలి, ప్రాణాలతో వెనక్కి రావాలి. ఈ ఎయిట్ వీలర్‌కి వెనకవైపు కూడా ఒక డ్రైవర్ ఉంటాడు. డేంజర్ కనబడితే బండి తిప్పే టైమ్ ఉండదు కదా, వాడు అదే స్పీడ్‌లో వెనక్కి లాక్కుపోతాడు."

ఆ దళాన్ని ఆయన ఎన్నడూ పొగడలేదు. వీళ్ళు చూసి చెప్పాకే వెనకనున్న ట్యాంకులు ఊళ్ళ మీద పడేవని, అందుకే బళ్ళలో ఒక్క మనిషి బొమ్మనీ కూర్చోబెట్టలేదని అనేవారు.

ఆయన రేడియాలజిస్టు. ముప్పై ఏళ్ళు స్కాన్లు చూసి రిపోర్టులు రాశారు. రిటైరయ్యాక కూడా అవతలి రౌస్ హిల్ దాకా ఉన్న మన తెలుగువాళ్ళు ముందు స్పెషలిస్టు దగ్గరకు వెళ్ళేవారు కాదు, స్కాన్ పట్టుకుని ఆయనింటికి వెళ్ళేవారు. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కని గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నకు దగ్గు తగ్గకపోతే నేనూ అదే చేశాను. అంకుల్ లాప్‌టాప్‌లో చాలాసేపు చూసి, "ముందు ఫంక్షన్ కానివ్వమ్మా" అన్నారు. ఫంక్షన్‌లో నాన్న పక్కన కూర్చుని కూడా అంకుల్ ప్లేటు ముట్టలేదు. స్కాన్ చూసిన పదో రోజున నిజం చెప్పారు, ఊపిరితిత్తుల్లో క్యాన్సరని. ఆ చలికాలం దాటకుండానే నాన్న పోయారు. అంత్యక్రియల పనులన్నీ అంకులే భుజాన వేసుకున్నారు. ఆ రుణం నేను తీర్చుకోలేదు.

ఆ పది రోజులు ముందు తెలిసినా ఒరిగేదేమీ లేదని స్పెషలిస్టు అన్నాడు. నేనూ అంకుల్‌ను ఒక్క మాట అనలేదు. ఆయనే వినలేదు.

"చూసినవాడు చెప్పాలమ్మా. నేను చూసి నోరు మూసుకున్నాను. ఆ టెన్ డేస్‌లో మీ నాన్న ఎవరికి ఫోన్ చేసుకునేవాడో, ఏం చెప్పుకునేవాడో నాకేం తెలుసు? దాచడానికి అవి నా రోజులా?"

బళ్ళు చేయడం ఆ తర్వాతే మొదలైంది.

కిందటి గురువారం, ఆసుపత్రిలో ఉన్న ఆయన సొంత స్కాన్ రిపోర్టు వచ్చింది. "సండే మనవడి బర్త్‌డే అవగానే నేనే చెప్పుకుంటాను" అని ఆంటీ డాక్టరును బతిమాలి, కాగితం నా చేతికిచ్చారు. కారిడార్‌లో చదివాను. కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళేసరికి అంకుల్ మేలుకుని ఉన్నారు.

"ఏం రాశారమ్మా?"

మంచం తలవైపు నిలబడ్డ ఆంటీ వద్దన్నట్టు తల ఊపారు.

"చిన్న ఇన్ఫెక్షనేనంట అంకుల్."

ఆయన నన్నే చూశారు. కోపం లేదు. "ఇటివ్వు" అని చెయ్యి చాపారు.

నేను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్ లాగాను. ఆదివారం దాటింది. సోమవారానికి ఆయనకు స్పృహ లేదు.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నాకు ఆ గురువారమే కనబడుతుంది. నేను పిల్లల కబుర్లేవో చెబుతున్నాను. ఆంటీ నారింజ వలుస్తున్నారు. ఆయన చెయ్యి మాత్రం దుప్పటి మీద, నా వైపు చాచి, అలాగే ఉంది.