పెనుకొండలో కెనడా పద్ధతి

కెనడా రాజకీయాల వల్ల నా పదవి పోయింది. ఈ మాట అంటే హిందూపురంలో అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. అయినా నిజం అదే.

హిందూపురంలో నాకు చిన్న రీలింగ్ యూనిట్ ఉంది. మార్కెట్లో పట్టుగూళ్లు కొని, ఉడికించి, దారం తీసి ధర్మవరం దుకాణాలకు అమ్ముతాం. మా ఊరి రీలర్లూ ధర్మవరం పట్టు వ్యాపారులూ కలిసి పెట్టుకున్న సంఘానికి చాలా ఏళ్లు నేనే అధ్యక్షుణ్ణి. రెండు ఊళ్లవాళ్లకూ మధ్యలో ఉంటుందని మీటింగులు పెనుకొండలో పెట్టుకుంటాం.

మా సంఘంలో అప్పట్లో ఓట్లు వేయించే అలవాటు లేదు. అధ్యక్షుడు ఏకగ్రీవం కావాలి. ఎవరైనా పోటీకి దిగుతానంటే పెద్దలు వాళ్ల ఇంటికి పోయి చేతిలో తాంబూలం పెట్టేవాళ్లు. తీసుకుంటే తప్పుకున్నట్టు. ఇంటికొచ్చిన పెద్దలు ఇచ్చే తాంబూలాన్ని మా వైపు ఎవరూ కాదనరు. దాన్ని నేను సంఘం మర్యాద అనుకునేవాణ్ణి. నా కుర్చీకి అదే కాపలా అని తెలిసినా ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఆ ఏడు ధర్మవరం నుంచి ఒకతను, నా దగ్గర దారం కొనే వ్యాపారి, నిలబడతానన్నాడు. కుర్రతనంలో నా యూనిట్‌కు వచ్చి, చేత్తో తడిమి దారం నాణ్యం చెప్పడం నేర్చుకున్నవాడు. నన్ను అన్నా అని పిలిచేవాడు. బయటి నుంచి చవక పట్టు వచ్చి పడుతోంది, కరెంటు బిల్లులు మోయలేకున్నాం, అధికారుల దగ్గరికి పోయి అడిగేవాళ్లు లేరు అన్నది అతని బాధ. అడగవలసినవాణ్ణి నేనే. సన్మానాలకు పోయేవాణ్ణి కానీ ఆఫీసులకు పోయేవాణ్ణి కాదు.

తాంబూలం పంపాను. అతను పెద్దలకు కాఫీ ఇచ్చి, కాళ్లకు మొక్కి, తాంబూలం మాత్రం తీసుకోలేదట. అన్నంటే గౌరవమే, అయినా ఈసారి అందర్నీ అడగాల్సిందే అన్నాడట. ఆ రోజు నుంచి అతనికి దారం ఆపేశాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ నెలలోనే వాళ్ల నాయన పోతే, దినాలకు కూడా పోలేదు. దారం ఆపడానికి వ్యాపారం అని ఏదో సాకు చెప్పుకోవచ్చు. సావుకు పోకపోవడానికి ఏ సాకూ లేదు.

మా అక్క కూతురు అప్పట్లో మా ఇంట్లో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుకునేది. అంతర్జాతీయ వార్తలు గుర్తుండాలని సాయంత్రం టీ తాగేటప్పుడు నాకు చెప్పేది. ఆ రోజుల్లో కెనడా మాకు సీరియల్ లాగా నడిచింది. అక్కడి ప్రధానమంత్రిని సొంత పార్టీవాళ్లే దిగిపొమ్మన్నారు. ఆయన ఇంటి ముందుకొచ్చి, మైకుల ముందు సరే అన్నాడు. తర్వాత నాయకుడెవరో ఆ పార్టీ సభ్యులంతా ఓట్లేసి తేల్చుకున్నారు. ఓడినవాళ్లు ఏ పార్టీలోకి దూకారని అడిగాను.

"యాడికీ పోలేదు మామా. ఓడినామె గెలిచినాయన కింద మంత్రిగా చేరె."

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పించుకున్నాను.

ప్రతిపక్ష నాయకుడి కథ నాకు ఇంకా నచ్చింది. ఆయన దేశంలోనూ ఓడాడు, సొంత సీటులోనూ ఓడాడు. తన పార్టీ మనిషి ఒకడు సీటు వదిలేస్తే అక్కడ గెలిచాడు. అయినా వాళ్ల పార్టీ నియమం వదల్లేదు. ఎన్నికల్లో ఓడితే, నేను ఉండాలా వద్దా అని నాయకుడు పార్టీవాళ్లను రహస్య ఓటుతో అడగాలట.

"మొగం మీద వద్దని ఎవరంటారే?" అన్నాను.

"అందుకే గదా మామా చీటీ పెట్టేది. నువ్వు ఎప్పుడన్నా పెట్టినావా?"

ఆయన గతి ఏమైందని అడిగాను. చానామంది ఉండమనిరి అని చెప్పింది. ఆ మాట నా తలకెక్కింది. నన్ను మాత్రం వద్దనేదెవరు? చీటీలు పెట్టి గెలిస్తే ధర్మవరం అతని నోరు మూతపడుతుంది. పెద్దలు వద్దన్నా వినకుండా, ఈసారి కెనడా పద్ధతి అని ప్రకటించాను. నేను ఉండాలా, వద్దా. వద్దంటే పదవి అతనిది.

పెనుకొండ కల్యాణమండపంలో స్టీలు బిందె మూతికి గుడ్డ కట్టి, చీటీలు అందులో వేయించాం. విప్పుతుంటే 'వద్దు' కుప్ప పెరుగుతూనే పోయింది. నా తాంబూలం మోసిన పెద్దలు కూడా వద్దనే రాసి ఉండాలి, లేకపోతే అంత కుప్ప కాదు. తిరిగొచ్చేటప్పుడు హైవే పక్కన వాళ్లే నాకు టీ ఇప్పించి, దారి పొడుగునా వానల గురించి మాట్లాడారు.

అంతకుముందు, నేను మండపం మెట్లు దిగుతుంటే అతను వెనకే వచ్చాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను.

"అన్నా, సోమవారం విజయవాడ పోతాండా, ఆఫీసర్లను అడిగేకి. నువ్వూ రావల్ల. నాకు వాళ్లతో మాట్లాడేది చేతగాదు."

"మీ నాయన దినాలకు రాలేదబ్బా నేను," అన్నాను.

"తెలుసు. మా అమ్మ ఇప్పటికీ నిన్ను అడుగుతాండాది. ముందు ఇంటికి రా. విజయవాడ తర్వాత."

మరుసటి రోజే ధర్మవరం పోయాను. వాళ్లమ్మ నన్ను కూర్చోబెట్టి గట్టిగానే తిట్టింది. ఓట్లు మీ మగోళ్ల గొడవ, సావుకు రాకుంటే ఎట్లప్పా అని. తిట్టడం అయ్యాక అన్నం పెట్టింది. తిట్టకుండా పెట్టి ఉంటే నాకు ముద్ద దిగేది కాదు.

విజయవాడకు ఇద్దరం కలిసే పోయాం. కొంత పని అయింది, కొంత ఇంకా కాలేదు. మీటింగుల్లో ఇప్పుడు నేను రీలర్ల వరసలో కూర్చుంటాను. ఇన్నేళ్లు వేదిక మీద నాకు వినబడని మాటలు ఇక్కడ కూర్చుంటే వినబడుతున్నాయి. నాకు చేయి ఎత్తాలని తొందర పుడితే, కొత్త అధ్యక్షుడు కాస్త ఆగన్నా అంటాడు. ఆగుతాను. నన్ను వద్దని రాసిన వాళ్లందరికీ నేను రుణపడి ఉన్నాను. నా తమ్ముణ్ణి నాకు తిరిగి ఇచ్చింది వాళ్లే.

ఏటా చీటీలు పెట్టాలని అతనే నియమం రాయించాడు. రేపటి మీటింగులో అతని వంతు. ఏం రాస్తావు మామా అని మా అక్క కూతురు ఫోన్లో అడిగింది.

"చెప్పేది లేదులే," అన్నాను.