ఈ మాట ఎవురంటారప్పా?

మా సీమలో నెట్ సెంటర్లు కొత్తగా వస్తున్న రోజుల్లో, మా యూనివర్సిటీ సైకాలజీ పాఠాలను తెలుగులో ఇంటర్నెట్లో పెట్టాలనుకుంది. ఆ పనికి పెట్టిన జట్టుకు పెద్ద మా ప్రొఫెసరు. ఇంగ్లీషు పాఠాన్ని తెలుగు చేసి టైపు కొట్టేది నేను. ఆయన నా వెనకాల నిలబడి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ప్రతి మాటకూ ఒకటే అడిగేవాడు: "ఈ మాట ఎవురంటారప్పా?"

చేసే పనే మనిషిని పీల్చి పిప్పి చేయడం గురించిన పాఠం దగ్గర నా ఓపిక చచ్చింది. 'వృత్తిపర నిస్సత్తువ' అని కొట్టినా.

"ఎర్రగుంట్ల లారీ డ్రైవరు పెండ్లాంతో ఇట్లనే చెప్తాడా?"

'మానసిక అలసట' అని మార్చినా.

"అది రేడియో భాషప్పా."

పదకొండో మాట కూడా తీసేయమన్నాక కీబోర్డు పక్కకు తోసి లేచినా. ఆ పొద్దున రాసుకొచ్చిన రాజీనామా కాగితం జేబులోంచి తీసి బల్ల మీద పెట్టినా.

"మీతో యాష్టొచ్చింది సార్! ఇంగ నాతో కాదు, పోతాండా!"

ఆయన కళ్లద్దాలు కిందికి దించుకుని, మొదటిసారి నా మొహంలోకి చూసినాడు.

"యాష్ట," అన్నాడు మెల్లగా. "శానా బాగుండాది. పని చేసి చేసి విసుగొస్తే మన సీమలో ఇది అందరూ అంటారు. కూచో, కొట్టు."

నేను పోతానన్న మాట ఆ మనిషి చెవికెక్కనే లేదు. కూర్చుని, నా యాష్టనే పాఠానికి పేరుగా కొట్టినా.