రొయ్యల జాతకాలు

ఆ రోజుల్లో మా ఇళ్ళలో ఎవరికైనా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం వస్తే చాలు, ఇక వాళ్ళకి తెలియనిదంటూ ఉండదని చుట్టాలందరి గట్టి నమ్మకం. నేను బయోటెక్నాలజీ చదివి రాజమండ్రిలో ఓ చిన్న ఆఫీసులో చేరాను. ఎక్కడెక్కడి పరిశోధకులో రాసిన వ్యాసాలు చదివి, ఏ జన్యువు ఏ జీవిదో, దాని పనేంటో సరిచూసి కంప్యూటర్లోకి ఎక్కించాలి. నా వాటాకి టైగర్ రొయ్య వచ్చింది. ఇదంతా అమ్మకి విడమరిచి చెబితే, ఆవిడ ఊరందరికీ ఒక్క ముక్కలో తేల్చేసింది: "మా అమ్మాయి కంప్యూటర్లో రొయ్యల జాతకాలు చూస్తుందండీ!" (నాకు సంబంధాలు చూస్తున్న రోజులవి. ఆ మాటకి ఒకటి రెండు వెనక్కెళ్ళాయి కూడా.)

ఓ రోజు పొద్దున్నే, భీమవరం దగ్గర రొయ్యల చెరువు చేస్తున్న మా పెదనాన్న పాలక్యానుతో ఆఫీసులో ప్రత్యక్షమయ్యారు. పాలు కాబోలనుకుని మా సార్ సంబరంగా మూత తీశారు. అంతే, ఓ రొయ్య ఎగిరి ఆయన కీబోర్డు మీద పడింది! ఏడాదిగా రొయ్య జన్యువులతో కుస్తీ పడుతున్న మేమంతా కెవ్వుమని కుర్చీలెక్కాం. పెదనాన్న నింపాదిగా దాన్ని పట్టుకుని, "అయ్యో, పాపం బెదిరిపోయిందండీ" అన్నారు. (రొయ్య గురించే, మా గురించి కాదు.)

తర్వాత నన్ను వరండాలోకి పిలిచి, ఆ రొయ్యని నా చేతిలో పెట్టారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మడూ, పెంకు మీద ఈ తెల్లమచ్చలు చూడు. నిన్నటి నుంచి రొయ్యలు గట్టు వారకి వచ్చేస్తున్నాయి. ఇంకా ఎదగలేదు, ఇవాళే వల వేసి పట్టించేస్తే సగం రేటు కూడా రాదు. ఉంచితే, ఇది ఆ మచ్చల జబ్బే అయితే, చెరువంతా పోద్ది. మందులమ్మే ఆయన ఉంచమంటాడు, కొనే ఆయన పట్టించమంటాడు. నువ్వు చెప్పు."

ఆ జబ్బు మీద ఎన్ని వ్యాసాలు చదివానో! ఈ చెరువునేం చేయాలో ఒక్కదాంట్లోనూ లేదు. "నాకు తెలీదు పెదనాన్నా, నిజంగా తెలీదు" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"తెలీదని నాకూ తెలుసే పిచ్చిదానా! ఆయనకి ఉంచితే లాభం, ఈయనకి పట్టిస్తే లాభం. నా చెరువు ఏమైనా నీకు ఒరిగేదేం లేదు. అందుకే బస్సెక్కి వచ్చాను. నీ మనసుకేమనిపిస్తే అది చెప్పు."

"పట్టించెయ్యండి" అన్నాను. ఆ గొంతు నాకే వినపడలేదు.

ఆ మధ్యాహ్నమే వలలు దించారు. పెట్టుబడి దక్కింది, అంతే. వారం తిరక్కుండా ఆ మచ్చల జబ్బుకి పక్క చెరువులు ఖాళీ అయిపోయాయి. పాపం, ఆ రైతుల్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

తర్వాత పెద్ద పెద్ద ఉద్యోగాలు చేశాను, బోలెడు సలహాలిచ్చాను, గొంతు ఎక్కడా వణకలేదు. వరండాలో రొయ్యని పట్టుకుని, తెలీదంటూ ఏడుపు మొహం పెట్టిన ఆ పిల్ల గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. నన్నిప్పుడెవరైనా సలహా అడిగితే, ఆ పిల్లనే అడగమని చెప్పాలనిపిస్తుంది.