పాపను మళ్లీ ఎత్తుకోవడానికి

గుజరాతీల మధ్య మేముండే పర్వత్ పాటియాలో మా వీధి చివర, కారప్పూసల్లాంటివి అమ్మే ఫర్సాణ్ దుకాణం పైన ఒక జిమ్ ఉంది. మొదటిసారి ఆ మెట్లెక్కి తలుపు తోసినప్పుడు లోపల ఎవరో ఇనుప పలకల మెషిన్ మీద కూర్చుని లాగుతున్నారు. పలకలు పైకి లేస్తున్నాయి, మళ్లీ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. టకటక, టకటక. భయపడుతూ వచ్చినదాన్ని, ఆ చప్పుడు వినగానే నాకు నిద్ర ముంచుకొచ్చింది.

నేను పెరిగింది అలాంటి చప్పుడులోనే. మా నాన్న, మేం బాపు అంటాం, జోల్వా అనే ఊళ్లో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని మా వాళ్లు సాంచా అంటారు. అప్పట్లో మేం ఖాతా వెనక ఉన్న గదుల్లోనే ఉండేవాళ్లం. ఖాతా అంటే మగ్గాలుండే షెడ్డు. మా గది నేల ఎప్పుడూ సన్నగా వణుకుతుండేది. చెంబులో నీళ్లు పెడితే వాటి మీద చిన్న చిన్న వలయాలు లేచేవి. ఆ చప్పుడులో హాయిగా నిద్రపోయి, కరెంటు పోగానే ఉలిక్కిపడి లేచి ఏడ్చేదాన్నట.

కాస్త పెద్దయ్యాక మాత్రం కరెంటు పోవడం నాకు పండగ. ఖాతాలో పనిచేసేవాళ్లంతా వాకిట్లోకి వచ్చేసేవారు. గోడకు ఆనించిన ఖాళీ బీమును, అంటే పడుగు దారం చుట్టే లావు ఇనుప గొట్టాన్ని, ఎవరు తలపైకి ఎత్తుతారో పందెం వేసుకునేవారు. బాపు వంతు వచ్చేసరికి నేను ముందు వరసలో కూర్చునేదాన్ని. బీము దించి పక్కన పెట్టాక బాపు కుడిచేయి పక్కకు చాచి, "దా, ఊగుతవా?" అనేవాడు. నేను ఆ చేతికి వేలాడేదాన్ని. ఆ చేయి ఒక్కసారి కూడా కిందికి వంగలేదు. నాకప్పుడు బలమంటే అదే.

ఇక నన్ను జిమ్‌కు పంపింది భయం. పాప అడుగులు వేయడం మొదలుపెట్టిన కొత్తల్లో, ఒకరోజు స్నానం చేయించి టబ్బులోంచి ఎత్తుతుంటే నా నడుం పట్టేసింది. మణికట్టు పట్టు తప్పింది. పాప తడి ఒళ్లు నా చేతుల్లోంచి జారి పక్కనున్న ఉతకని బట్టల కుప్ప మీద పడింది. దానికేమీ కాలేదు. అదేదో ఆటనుకుని నవ్వింది కూడా. నేను మాత్రం గోడకు ఆనుకుని అక్కడే కూర్చుండిపోయాను. బట్టల కుప్ప అక్కడ లేకపోతే?

నాకసలే భయాలెక్కువ. ఇది రాస్తూ కూడా మధ్యలో లేచి వెళ్లి పాప ఊపిరి చూసి వచ్చాను. ఆ రోజు తర్వాత పాపను నిలబడి ఎత్తుకోవడం మానేశాను. చేతులు చాచితే నేనే కింద కూర్చుని, ఒళ్లోకి రమ్మనేదాన్ని. కొన్నాళ్లకు దానికి అర్థమైపోయింది. నన్ను అడగడం మానేసింది. నన్ను దాటుకుని వెళ్లి, సాయంత్రాలు మా ఇంటికొచ్చే బాపు ముందు చేతులు చాచేది. ఏడవలేదు, అలగలేదు. అమ్మ ఎత్తుకోదు అన్న మాటను బకెట్టులో నీళ్లుంటాయి అన్నంత మామూలుగా ఒప్పేసుకుంది. అదే నన్ను కుదిపేసింది. ఎత్తుకునే వయసు ఎంతో కాలం ఉండదు. ఇలాగే నా చేతుల్లోకి రాకుండానే పెద్దదైపోతుందేమో అనిపించేది.

డాక్టరమ్మ చూసి ఎముకలకేమీ కాలేదంది. కాన్పు తర్వాత కండరాలు సడలిపోయాయి, నేర్పేవాళ్ల దగ్గర నెమ్మదిగా బరువులెత్తడం మొదలుపెట్టమంది. సాయంత్రం అమ్మావాళ్లు ఇంటికొచ్చాక ఆ మాట చెప్పగానే బాపు పగలబడి నవ్వాడు.

"ఏందే, సాంచా కాడి నుంచి ఎప్పుడు బయటపడుదుమా అని మేం సూస్తిమి. నువ్వు ఫీజు గట్టి మరీ మెషిన్ కాడికి పోతవా?"

"అది కసరత్తు బాపు. కాళ్లకు, నడుముకు బలమొస్తది."

"మంచిదే. దినాం ఎన్ని మీటర్ల బట్ట దిగుతదట?"

"ఊకో నువ్వు," అంది అమ్మ. "పోనీ బిడ్డను. పోరిని నేను సూస్త."

ఆడవాళ్ల బ్యాచ్‌కు నేర్పేది ఒక గుజరాతీ ఆమె. నేను దీదీ అనేదాన్ని, ఆమె గుజరాతీలో నన్ను బెన్, అంటే చెల్లీ, అనేది. ఆమె హిందీ, నా హిందీ కలిసి ఎలాగో నడిచిపోయేది. మొదట నన్ను కాళ్లతో తోసే మెషిన్ మీద కూర్చోబెట్టింది. వీపుకు ఆనుకోవడానికి మెత్తటి పలక, పట్టుకోవడానికి రెండు పిడులు. తోస్తే పలకలు లేస్తాయి, వదిలితే దిగుతాయి. కాసిని సార్లు తోసి, ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టమని చెప్పి ఆమె ఇంకొకరి దగ్గరికి వెళ్లింది.

నేను ఆగలేదు. పలకల చప్పుడు చెవిలో పడగానే కాళ్లు దానితో కలిసిపోయాయి. టకటక, టకటక. మా ఇంట్లో మెషిన్ ఆగడమంటే ఏదో చెడిపోయినట్టు. దారం తెగితే పరుగెత్తి ముడేసి మళ్లీ నడపాలి. బాపు నిలబడే అన్నం తినేవాడు, ఒక కన్ను సాంచా మీదే ఉంచి. చప్పుడు సమంగా వస్తుంటే పని బాగా జరుగుతున్నట్టని పుట్టినప్పటి నుంచీ నా ఒంటికి తెలుసు. కాబట్టి సమంగా, జోరుగా తోస్తూనే ఉన్నాను. ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను. జోల్వా గది నేల మళ్లీ నా కింద వణికినట్టుంది.

మర్నాటికి మోకాలు వాచింది. పీట మీద కూర్చుంటే లేవడానికి అమ్మ చేయి పట్టుకోవాల్సి వచ్చింది. ఉన్న కాస్త బలమూ పోగొట్టుకున్నాననుకున్నాను. వాపు తగ్గాక, జిమ్ మానేస్తున్నానని చెప్పడానికే మళ్లీ ఆ మెట్లెక్కాను.

దీదీ నన్ను అదే మెషిన్ మీద కూర్చోబెట్టి, మొన్న ఎలా చేశావో చూపించమంది. చూపించాను.

"అరే బెన్, రైలు తప్పిపోతోందా? మోకాలు పూర్తిగా చాపి బిగించేస్తున్నావు. దించేటప్పుడు ధబ్‌మని వదిలేస్తున్నావు. ఎవరు నేర్పారు నీకిలా?"

సాంచాల సంగతి చెప్పాను. ఆమె నవ్వాపుకోలేకపోయింది.

"ఖాతాలో మెషిన్ నడుస్తుంది, మనిషి దాని వెనక పరుగెత్తుతాడు. ఇక్కడ నువ్వు తోస్తేనే అది కదులుతుంది కదా. దానికేం తొందర? మళ్లీ చెయ్యి. చప్పుడు నాకు వినపడకూడదు."

చప్పుడు లేకుండా చేయడం నాకు చాలా కష్టమైంది. బరువు తగ్గించి, మోకాలు కొంచెం వంపులోనే ఉంచి, దించేటప్పుడు కూడా కాలు బిగపట్టి నెమ్మదిగా దించాలి. ఆగి కూర్చున్నప్పుడు ఎవరో తిడతారన్నట్టు అటూ ఇటూ చూసేదాన్ని. అయినా వారాలు గడిచేకొద్దీ మోకాలు మాట వినడం మొదలుపెట్టింది. మెషిన్లంటే ఇష్టం కూడా కలిగింది. అవి దారి తప్పనివ్వవు, ఏదీ జారి పడదు. నాలాంటి పిరికిదానికి అంతకన్నా ఏం కావాలి?

ఒకరోజు దీదీ నా చేతుల్లో రెండు చిన్న డంబెల్స్ పెట్టింది. మెషిన్లు చాలు దీదీ, అన్నాను.

"నీ బిడ్డ మెషిన్ పలకలాగా నిటారుగా, బుద్ధిగా పైకొస్తుందా?"

పాప ఎలా మెలికలు తిరుగుతుందో తలుచుకుని డంబెల్స్ గట్టిగా పట్టుకున్నాను.

అద్దం ముందు నిలబెట్టింది. రెండు చేతుల్లో ఒకే బరువు. అద్దంలో నా కుడి భుజం కిందికి దిగి ఉంది. ఆ భుజాన్ని నేను ఎరుగుదును. అది బాపుది. నూలు చుట్టిన బీమును ఇద్దరు మనుషులు మోసుకొచ్చేటప్పుడు బాపు ఎప్పుడూ కుడి భుజమే ఇచ్చేవాడు. ఏళ్ల తరబడి అలా మోసి మోసి ఆ భుజం దిగిపోయింది. అమ్మ కొత్త చొక్కా కొనగానే కుడివైపు కుట్టు విప్పి, లోపలికి మడిచి మళ్లీ కుట్టేది. చిన్నప్పుడు నేను మగవాళ్ల చొక్కాలన్నీ అలాగే ఉంటాయనుకునేదాన్ని. నేనేమో కాలేజీ బ్యాగు, కూరగాయల సంచి, పాప, అన్నీ ఒక్క పక్కనే మోస్తూ వచ్చాను. మెషిన్ మీద రెండు చేతులతో ఒకే కడ్డీ లాగినన్నాళ్లూ బలమున్న చేయి రెండోదాని పని కూడా చేసేసింది. వేరువేరుగా ఇచ్చేసరికి ఎడమచేయి వణికిపోయింది.

అప్పటి నుంచి రెండూ చేస్తున్నాను. ముందు మెషిన్ల మీద కాళ్లు, వీపు బలపడేదాకా పని. తర్వాత డంబెల్స్, ఎప్పుడూ ఎడమచేతితో మొదలుపెట్టి. చివర్లో నేల మీద పెట్టిన పిడి ఉన్న ఇనుప గుండును ఒంటికి దగ్గరగా పట్టుకుని, తుంటి వెనక్కి వంచి లేవడం. ఇవి వచ్చేశాక మెషిన్లు వదిలేయాలా అని అడిగితే దీదీ వింతగా చూసింది. "ఎందుకు వదలాలి? మా అత్తగారు వాటి మీదే చేస్తుంది. కీళ్లు నొప్పిగా ఉన్నరోజు మెషిన్, బాగున్నరోజు డంబెల్. ముసలిదానివయ్యేదాకా ఇదే."

బాపుకు కూడా నేర్పాలని చూశాను. ఒక తేలికైన డంబెల్ తెచ్చి ఇచ్చాను. "గీ బొమ్మ నన్నేం జేస్తదే," అంటూ ఎత్తబోయాడు. కుడిచేయి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. డంబెల్‌ను నేనే అందుకుని కింద పెట్టాను. డాక్టరమ్మకు చూపించాక, ఇప్పుడు కూర్చుని, ఆమె చెప్పినంత మేరకే చేస్తున్నాడు, ఎవరూ చూడనప్పుడు.

చలికాలం మొదలైన ఒక సాయంత్రం బాపు, అమ్మ ఇంటికొచ్చారు. పాప ఎప్పటిలాగే నన్ను దాటుకుని వెళ్లి తాత ముందు చేతులు చాచింది.

"తాతకు ఇయ్యాల చెయ్యి లేస్తలేదు బిడ్డా. అమ్మ కాడికి పో," అన్నాడు బాపు.

పాప నా వైపు చూసింది. చూసి, కింద పడున్న గిన్నె మూత తీసుకుని ఆడుకోబోయింది. నేను పిలిచాను. రెండు పాదాలు ఎడంగా పెట్టి, తుంటి వెనక్కి తీసి వంగి, దాన్ని నా ఒంటికి దగ్గరగా లాక్కున్నాను. నడుం పట్టేస్తుందేమోనని ఒక్క క్షణం ఆగాను. ఊపిరి వదులుతూ లేచాను.

"పైలం బిడ్డా, పైలం!" అమ్మ రెండు చేతులూ కింద చాపి నిలబడింది, పడితే పట్టుకోవడానికి.

పాప ఒక్కసారి వెనక్కి విరుచుకుంది. అది విరుచుకున్నవైపే నా ఎడమచేయి వెళ్లి ఆపింది. వణకలేదు. పాప నా మొహం దగ్గరగా చూసి, చెవి పట్టుకుని లాగి, గిన్నె మూతతో నా తల మీద ఒకటి కొట్టింది.

"కొట్టు, ఇంకోటి కొట్టు," అన్నాడు బాపు. "ఇన్నొద్దులు ఎత్తుకోనందుకు."

నవ్వబోయాను కానీ ఏడుపొచ్చింది. పాప బరువెక్కింది. దించమని తన్నేదాకా దించలేదు.

మర్నాడు పొద్దున పప్పు కడుగుతుంటే వెనక నుంచి ఎవరో నా కుర్తా లాగారు. తిరిగి చూస్తే పాప, రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది. చేతులు తుడుచుకుంటున్నానే అని చెబుతున్నా వినకుండా, ఆలస్యమవుతోందని గట్టిగా ఏడుపు అందుకుంది.