గాథర్‌కోల్ వాళ్ల వాలు ఇల్లు

విన్నీ గాథర్‌కోల్ కాపురానికి వచ్చినప్పుడు ఆ ఇంటి గుమ్మానికి ఒక్కటే మెట్టు. ఒకప్పుడు ఆ ఇల్లున్న ఫెన్ పల్లపు ప్రాంతమంతా పడవలు తిరిగిన చిత్తడి. ముత్తాతల కాలంలోనే ఆ నీళ్లన్నీ సముద్రంలోకి తోడేసి, అడుగున తేలిన నల్లమట్టిలో బంగాళాదుంపలు పండించుకున్నారు. తడి పోయిన మట్టి ఊరుకుంటుందా? ఎండి, కుంగి, గాలికి లేచిపోయి, ఏటికేడు కిందికి దిగింది. విన్నీ భర్త హెర్బర్ట్ గుమ్మం కింద రెండో మెట్టు కట్టాడు. కొన్నేళ్లకు మూడోదీ కట్టాల్సి వచ్చింది.

ఇల్లేమో కాలువ వైపుకు ఒరిగింది. హెర్బర్ట్ భోజనాల బల్లకు ఎత్తు వైపు కాళ్లు కోశాడు. పొయ్యి మీది గిన్నెలో విన్నీ సగానికి మించి నీళ్లు పోసేది కాదు.

"మీ ఇంట్లో తాగకుండానే తూలుతున్నాను, వదినా," అంది ఓసారి ఆడపడుచు ఆలివ్.

"మంచిదేగా. మీ అన్నయ్యకి బీరు ఖర్చు తప్పింది."

ఒక గాలివాన తరువాత వెనుక గోడ చెయ్యి పట్టేంత నెర్రె విచ్చింది. ఇక ఉండకూడదన్నారు అధికారులు. పట్నంలో, గట్టి నేల మీద కొత్త ఇల్లిచ్చారు.

అక్కడ నడవాలో నడిస్తే విన్నీ భుజం గోడకు కొట్టుకునేది. కుర్చీలో కూర్చుంటే పడిపోతున్నట్టుండేది.

"నేల తిన్నగా ఉంటే నువ్వు వంకరైపోయావే," అని నవ్వాడు హెర్బర్ట్.

విన్నీ నవ్వలేదు. "ఇన్నేళ్లూ ఒక పక్కకి మొగ్గి బతికాను. ఈ ఒళ్లిప్పుడు ఎవరి మాట వింటుంది?"

అతను వెళ్లి చెక్కముక్కలు తెచ్చి, ఆమె కుర్చీకీ మంచానికీ ఒక వైపు కాళ్ల కింద పెట్టాడు.

"ఎవరైనా చూస్తే నవ్వుతారయ్యా."

"నవ్వనీ."

వసంతంలో పాత ఇల్లు పడగొట్టారని తెలిసి ఇద్దరూ బస్సెక్కి వెళ్లారు. ఇటుకలు కూడా ఎత్తుకుపోయారు. చుట్టూ దున్నిన నల్లటి చదును. ఇల్లున్న చోట మాత్రం నడుమెత్తు దిబ్బ. ఇంటి కింద నీడన ఉన్న మట్టి, బయటి పొలమంత ఎండలేదు, కుంగలేదు.

హెర్బర్ట్ చెయ్యి పట్టుకుని విన్నీ దాని మీదికెక్కింది.

"నేను పెళ్లై వచ్చిన్నాడు పొలమంతా ఇంత ఎత్తునే ఉండేది కదూ?"

"ఇంకా ఎక్కువే."

"రోజూ చూస్తూనే ఉన్నాం. దిగుతున్నట్టు ఒక్కనాడూ కనపడలేదు."

గాలికి నల్లదుమ్ము లేస్తోంది. హెర్బర్ట్ తన కోటు విప్పి దిబ్బ మీద పరిచాడు. తెచ్చుకున్న రొట్టె, జున్ను అక్కడే కూర్చుని తిన్నారు.