అడిగి మందులిచ్చే అబిగయీలు

మైపాడు బస్టాండు పక్కన బేతెస్ద మెడికల్స్ అని ఒక మందుల షాపు ఉంది. దాన్ని నడిపే అబిగయీలు ఒక పట్టాన మందు ఇవ్వదు. నేను రిటైరయ్యేదాకా బస్సు కండక్టరుగా చేసినవాణ్ణి. ఎక్కినవాణ్ణి ఎక్కడికని అడిగి టికెట్ ఇవ్వడమే తప్ప, ఎందుకెళుతున్నావు, ఏం తిని బయల్దేరావు అని ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు. అలాంటి నన్ను మొదటిరోజే నిలబెట్టి, బీపీ బిళ్ల ఏ వేళకు వేసుకుంటున్నావన్నా, ముద్దముద్దకీ ఊరగాయ ఉండాలా అన్నా అని ఆరా తీసింది. నాకసలే ముక్కు మీద కోపం. "అమ్మా, నేనొచ్చింది బిళ్లలకా, పెళ్లి సంబంధానికా?" అన్నాను. ఆమె నవ్వి, బిళ్లల అట్ట చేతిలో పెట్టి, ఊరగాయ తగ్గించమంది. నేను తగ్గించలేదనుకోండి, అది వేరే సంగతి.

అబిగయీలుది అల్లూరు. తండ్రి క్రీస్తురాజు రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటూ, కూతుర్ని నెల్లూరులో బి.ఫార్మసీ చదివించాడు. చదువవగానే మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మిషను దగ్గర నిలబడి బిళ్లలు అట్టల్లో పడుతుంటే చూసే పని. "ఆ బిళ్ల ఎవరు మింగతారో, మింగినాక ఏమయిందో తెలీకుండా ఎట్టన్నా చేసేది?" అని మానేసింది. మైపాడులో పంతులుగా చేసే ఆండ్రూని పెళ్లాడి వచ్చి ఇక్కడ షాపు తెరిచింది. జ్వరానికి రెండు యాంటీబయాటిక్ బిళ్లలు ఇమ్మంటే ఇవ్వదు. డాక్టరు చీటీ తెమ్మంటుంది. తెస్తే మొత్తం కోర్సు వాడాల్సిందే అంటుంది. ఇలా అయితే గిరాకీ ఏం నిలుస్తుందని షాపు ముందు బెంచీ మీద కూర్చుని నేను తల బాదుకునేవాణ్ణి.

పోయిన వేసవిలో ఒక పొద్దున నేనా బెంచీ మీదే పేపరు చదువుతున్నాను. కిషోర్ వాళ్ల అమ్మ గురవమ్మను రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. వాడు పడవ మీద వేటకు పోతాడు. ఆమె చేపలు కొని, ఐసులో సర్ది, నెల్లూరు మార్కెట్టుకు వేస్తుంది. నోరున్న మనిషి. ఆ రోజు మాత్రం తల వంచుకుని, కుంటుకుంటూ వచ్చింది.

"అక్కా, ఆకలి చచ్చిపోయే బిళ్లలేమన్నా ఉంటే మాయమ్మకియ్యి" అన్నాడు కిషోర్. "దొంగతిండి మానటంలా. సోమారానికి షుగరు దిగకపోతే వేలు తీసేయాలన్నాడు డాక్టరు."

ఆమె కాలి బొటనవేలికి జెల్లచేప ముల్లు గుచ్చుకుంది. ఆ పుండు నెల దాటినా మానలేదు. రోజూ ఇన్సులిన్ సూది వేసుకుంటున్నా షుగరు నాలుగు వందలు దాటే ఉంది. డాక్టరు డోసు పెంచాడు, మళ్లీ పెంచాడు. వేలు నల్లబడుతోంది. కిషోర్ ఊళ్లోని టీకొట్లన్నీ తిరిగి, మాయమ్మకు ఏమీ అమ్మొద్దని చెప్పి వచ్చాడట. కన్నతల్లికి అంతకన్నా తలవంపులు ఏముంటాయి?

"గంగమ్మ తల్లి సాచ్చిగా నేనేమీ తినలేదు పాపా. నామాట ఒక్కరూ నమ్మరే" అంది గురవమ్మ.

అబిగయీలు ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టింది. తిండి ఊసే ఎత్తలేదు. సూది ఎవరు వేస్తారు, ఎక్కడ పొడుస్తారు, తినడానికి ముందా తర్వాతా అని వరసపెట్టి అడిగింది. కిషోర్ విసుక్కుంటున్నాడు. నాకూ ఇక చాల్లే తల్లీ అనిపించింది.

"మందు సీసా యాడ పెడతావక్కా?"

గురవమ్మ మొహం కాస్త తేటపడింది. "ఆ విషయంలో మాత్రం నాకు వంక పెట్టబాక. చల్లంగా పెట్టుకోమన్నారు గదా. ఐసుపెట్టెలో అట్టడుగున పెడతుండా. పైన ఉప్పు కూడా చల్లతా."

మా తీరంలో చేప చెడకూడదంటే అంతే. ఐసు మీద ఉప్పు చల్లితే ఇంకా చల్లబడి చేప కొయ్యలా బిగుస్తుంది. మందును కూడా ఆమె అంత భద్రంగా దాచుకుంది.

"గడ్డ కట్టదా అక్కా?"

"కడతాది. కాసేపు ఎండలో పెడితే కరిగిపోతాది."

అబిగయీలు తల పట్టుకుంది. కిషోర్‌ని పంపి సీసా తెప్పించి, మెల్లగా దొర్లించి వెలుతురులో చూసింది. పాలలా కలిసిపోవాల్సిన మందు విరిగిపోయి, గాజుకు పలుకులు పలుకులుగా అంటుకుంది.

"ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచేయదక్కా. ఇన్నాళ్లూ నువ్వు పొడుచుకునింది నీళ్ల కింద లెక్క."

"అయితే కొత్త సీసా ఇయ్యక్కా. డాక్టరు రాసిన డోసే వేస్తాం" అన్నాడు కిషోర్.

"ఇయ్యను" అంది.

నాకు ఒళ్లు మండింది. ఇదేం మొండితనం అనబోయాను.

"ఆ డోసు పనిచేయని మందుకు పెంచుకుంటా పోయింది. మంచి మందు అంత వేస్తే షుగరు ఒక్కసారిగా పడిపోయి, మీయమ్మ స్పృహ తప్పతాది. ప్రాణానికే మోసం" అంటూనే డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన అంతా విన్నాడు. డోసు బాగా తగ్గించి, రెండు పూటలా షుగరు చూసి తనకు చెప్పమన్నాడు. ఇంకెప్పుడైనా ఇలాంటిది కనబడితే మొహమాటపడకుండా ఫోన్ చెయ్యమ్మా అన్నాడట. మంచి మనిషి.

అప్పుడుగానీ అబిగయీలు కొత్త సీసా తీసివ్వలేదు. గురవమ్మ ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఒక కుండలో ఇంకో చిన్న కుండ పెట్టి, మధ్యలో తడి ఇసుక పోసి, వాడే సీసాను లోపలి కుండలో ఉంచమంది అబిగయీలు. మూత తీయని సీసాలు షాపు ఫ్రిజ్‌లోనే దాచింది. గురవమ్మ పొద్దునా సాయంత్రం కుంటుతూ వచ్చి షుగరు పరీక్షకు చేతివేలు చాపేది. మొదటి రోజు అంకె పెద్దగా కదల్లేదు. కిషోర్ తల్లిని అదోలా చూశాడు. మర్నాడు దిగింది. ఆ తర్వాత రోజు ఇంకా దిగింది. బెంచీ మీద నేను పేపరు పక్కన పడేసి, ఈ పూట ఎంత వచ్చిందమ్మా అని అడగడం మొదలుపెట్టాను.

సోమవారం తల్లీకొడుకులు నెల్లూరు వెళ్లారు. మధ్యాహ్నం బస్సు రాగానే అబిగయీలు షాపు మెట్టు దిగి నిలబడింది. గురవమ్మ దిగుతూనే, "వేలు ఉండాది పాపా! నలుపు పోయి ఎర్ర కండ పడతుండాదంట, ఇంక కొయ్యక్కర్లేదన్నాడు" అంది. అబిగయీలు కళ్లు మూసుకుని ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

కిషోర్ తల ఎత్తలేదు. "ఐసులో పెడతుండానని ఒక్కమాట నాకు చెప్పుంటే ఏం మా?" అన్నాడు.

"నువ్వు అడిగితే గదరా. ఏం తిన్నావు, ఏం తిన్నావు అనే గదా అడిగితివి."

వాడు నడిరోడ్డు మీదే గొంతుక్కూర్చుని, "తప్పయిపోయింది మా" అని తల్లి కాలు పట్టుకుని ఏడ్చాడు. గురవమ్మ వాడి తల మీద చెయ్యి వేసింది. ఆమె కళ్ల నిండా నీళ్లే.

"వదలరా నాయనా, అది మానే వేలు" అంది.